వల అంచు కాగితం

మా ఊళ్ళో చావు కాగితాలన్నీ నేనే అచ్చువేస్తాను. నదికి ఎడమ గట్టు మీద పోయినవాళ్ళకు ఆకుపచ్చ అంచు, పైన నెలవంక. కుడి గట్టు మీద పోయినవాళ్ళకు నల్ల అంచు, పైన శిలువ. ఏ దేవుడూ వద్దని భీష్మించుకున్న పాత కమ్యూనిస్టులకు ఎర్ర నక్షత్రం. వాళ్ళు ఇంక ముగ్గురే మిగిలారు, ముగ్గురికీ ఆరోగ్యం నిక్షేపంలా ఉంది. పోయిన మనిషి ఫొటో, పేరు, ఎప్పుడు పూడుస్తారో, పలకరింపులకు ఎన్నింటికి రావాలో అన్నీ అందులో ఉంటాయి. వంతెన దగ్గర చెట్లకీ, కరెంటు స్తంభాలకీ, బేకరీ గోడకీ అంటిస్తారు. బోస్నియాలో ఏ ఊరైనా ఇంతే. పొద్దున్నే రొట్టె కొనడానికి బయల్దేరినవాళ్ళు ముందు అంచు రంగు చూస్తారు, తర్వాతే పేరు చూస్తారు. నాకు ఇది నచ్చదు, కానీ నా కడుపు నింపేది అదే.

నా పేరు విష్న్యా. మా అమ్మది ఒక గట్టు, నాన్నది ఇంకో గట్టు. ఎవరిది ఏదో చెప్పను, అది మీకెందుకు? యుద్ధం అయ్యాక ఊళ్ళో బడులు రెండయ్యాయి, ఫైరింజన్లు రెండయ్యాయి, ఫుట్‌బాల్ క్లబ్బు కూడా నిలువునా చీలింది. నా ప్రెస్సు మాత్రం ఒక్కటే మిగిలింది. రెండోది పెట్టాలంటే ఊళ్ళో అన్ని చావులు లేవు మరి.

ఏటా సెప్టెంబరు ఆఖరి ఆదివారం రెండు గట్ల పాత ఆటగాళ్ళూ కలిసి ఒక ఆట ఆడతారు. అందరూ యాభై దాటినవాళ్ళే, యుద్ధానికి ముందు అందరిదీ ఒకే జట్టు. రెండు గట్లవాళ్ళూ ఒకే చోట కూర్చునే రోజు ఏడాది మొత్తానికి అదొక్కటే. దానికీ కారణం ప్రేమ కాదు. మైదానానికి రేకుల కప్పు ఉన్నది ఒకే వైపు, ఆ రోజు తప్పకుండా వాన పడుతుంది.

ఆటకు ముందు సోమవారం అవతలి జట్టు పోయినట్టుగా చావు కాగితం అంటించడం మా ఆచారం. ఎడమ గట్టు తరఫున నుస్రెత్ రాస్తాడు. ఒకప్పుడు వింగులో గాలిలా పరిగెత్తినవాడు, తర్వాత ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు, ఆట రోజు మైకు అతనిదే. "బంతి మిలెంకో వైపు వెళ్తోంది, మిలెంకో చూశాడు, వచ్చే బస్సుకి వస్తానంటున్నాడు" అని అతను అంటుంటే ఆ మిలెంకో పెళ్ళామే ముందు నవ్వేది. మిలెంకో కుడి గట్టు గోల్‌కీపరు. ఆ గట్టు తరఫున రాసేది అతనే. మాటకు కరువున్నట్టు బతికే మనిషి కాబట్టి ఇరవై ఏళ్ళుగా ఒకటే రాసిస్తున్నాడు: "పోయారు. ఆదివారం."

ఈ వేళాకోళం కాగితాల కోసమే నేను వేరే అంచు గీశాను. గోలు వెనక వలలాగా తెల్లటి గళ్ళు. ఆకుపచ్చ కాదు, నలుపు కాదు, ఎర్రా కాదు. ఆ గళ్ళు కనబడగానే జనం ఆగి, చదవకముందే నవ్వడానికి మొహం సిద్ధం చేసుకునేవారు.

తప్పు ఒక శనివారం మధ్యాహ్నం జరిగింది. ఇంకో రెండు వారాల్లో మున్సిపాలిటీ ఎన్నికలు. రెండు పార్టీల పోస్టర్లూ నా దగ్గరే అచ్చవుతున్నాయి. ఆ పొద్దున మిలెంకో వచ్చాడు. అతన్ని పెంచిన మేనత్త స్తోయా తొంభై ఒకటో ఏట పోయింది. ఎప్పుడూ ఏమీ అడగనివాడు, "శిలువ కింద భూతులసి రెమ్మ వేస్తావా? అత్త ఎప్పుడూ చెవి వెనకాల పెట్టుకునేది" అన్నాడు. వేరే ఎవరికీ వేయనిది, కూర్చొని నా చేత్తోనే గీశాను. ఆమెను పుట్టిన పల్లెలోనే పూడుస్తారు కాబట్టి ఆ కాగితాలన్నీ మిలెంకో అక్కడికే తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం నుస్రెత్ తన జోకు కాగితం ఇచ్చి వెళ్ళాడు. స్తోయా కాగితం కంప్యూటరులో తెరిచే ఉంది. ఫొటో తీసేశాను, మాటలు తుడిచేశాను, నుస్రెత్ మాటలు కొట్టాను. కొడుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇంక అంచు మార్చాలి, అంతే మిగిలింది. అప్పుడు ఫోను మోగింది. ఒక అభ్యర్థిగారు. పోస్టరులో తన దవడ కింద వేలాడే కండ తీసేయమని పావుగంట బతిమాలాడు. ఎవరో చెప్పను, ఇద్దరికీ ఆ కండ ఉంది. ఫోను పెట్టేసి, విసుగులో అచ్చు నొక్కేశాను. నలభై కాగితాలు చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టాను. సాయంత్రం నుస్రెత్ వచ్చి తీసుకెళ్ళాడు. విప్పి చూడలేదు. ఇరవై ఏళ్ళలో ఎన్నడూ చూడలేదు.

సోమవారం తెల్లవారగానే నుస్రెత్ స్నేహితులిద్దరు జిగురు డబ్బాతో ఊరంతా తిరిగి అంటించారు. ఇద్దరికీ కళ్ళజోడు పెట్టుకోవడం నామోషీ. నేను ఏడింటికి వంతెన దాటుతుంటే మొదటి చెట్టు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. నల్ల అంచు. శిలువ. దాని కింద భూతులసి రెమ్మ. ఆ కింద ఇలా ఉంది:

"దీర్ఘకాలంగా అహంకారంతోనూ, మోకాళ్ళ నొప్పులతోనూ బాధపడుతున్న పదకొండు మంది ఈ ఆదివారం నాలుగు గంటలకు కన్నుమూస్తారని తెలియజేయడానికి మేము ఏమాత్రం చింతించడం లేదు. సగటు వయసు యాభై ఎనిమిది. సగటు నడుము అంతకంటే ఎక్కువ. అంత్యక్రియలు వాళ్ళ గోలు లోపలే. మౌనం పాటించనవసరం లేదు. ఆ పని మిలెంకో నలభై ఏళ్ళుగా చేస్తూనే ఉన్నాడు."

వల అంచు ఉంటే ఊరు నవ్వేది. శిలువ కింద ఆ మాటలే చదివి చూడండి. పదకొండు మంది, ఆదివారం, నాలుగు గంటలకు. యుద్ధం తొలి ఏడు మా ఊళ్ళో కుడి గట్టు మీద ఒక ఆదివారం జనాన్ని చంపారు, ఎడమ గట్టు మీద ఒక బుధవారం చంపారు. ఇక్కడ రోజు పేరు ఎత్తితే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు. బేకరీలో రొట్టెలు కట్టే రదోయ్‌కా కుడి గట్టు మనిషి, ఆ ఆదివారం భర్తను పోగొట్టుకుంది. నాకు చిల్లర ఇవ్వబోయి ఆగింది. "మళ్ళీ మొదలా విష్న్యా?" అంది. ఆమె నటించలేదు. నేను చెట్టు చెట్టుకీ పరిగెత్తి గోళ్ళతో పీకాను. జిగురు ఆరిపోయింది, సగం కూడా ఊడలేదు.

మధ్యాహ్నానికి కుడి గట్టు అభ్యర్థి టీవీ వాళ్ళను వెంటబెట్టుకొని వచ్చాడు. చెట్టు పక్కన నిలబడి, శిలువ మీద చెయ్యి వేసి, "ఇది జోకా?" అని దేశాన్ని అడిగాడు. న్యాయంగా చెప్పాలంటే ఆ ప్రశ్న తప్పు కాదు. కానీ జవాబు వచ్చేదాకా అతను ఆగలేదు. సాయంత్రానికి పోలీసులు నుస్రెత్‌ను పిలిపించారు.

వాళ్ళ దగ్గర్నుంచి అతను తిన్నగా నా ప్రెస్సుకే వచ్చాడు. అప్పటికే నేను కోటు వేసుకొని బయల్దేరుతున్నాను.

"ఎక్కడికి?" అన్నాడు.

"పోలీసుల దగ్గరికి. తప్పు నాదని చెప్తాను."

"కూర్చో. అంచు నేనే ఎంచుకున్నానని చెప్పేశాను."

"నీకేమన్నా పిచ్చా? ఎందుకు చెప్పావ్?"

"పొరపాటంటే నమ్మేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారే? నీ పేరు బయటికొస్తే ముందడిగేది, ఏ గట్టోళ్ళు చేయించారని. రేపట్నుంచి సగం ఊరు నీ గుమ్మం తొక్కదు. వాళ్ళ చావు కాగితాలు పక్క ఊళ్ళో అచ్చేయించుకుంటారు, వీళ్ళవి ఇంకో ఊళ్ళో. ఎవరు పోయారో ఎవరికీ తెలీదు. నేనంటావా, ముసలి డ్రైవర్ని. నోటిదూల గాడినని ఎప్పట్నుంచో పేరుంది."

"మరి మైకు?"

ఆట జరుగుతుందనీ, మైకు మాత్రం మున్సిపాలిటీ గుమాస్తాకు ఇస్తారనీ, నుస్రెత్ మైదానం గేటు దాటకూడదనీ అప్పటికే చెప్పేశారట. తిట్లు తిన్నవాడిలా కాక, ఎవరో పోయినవాడిలా కూర్చున్నాడు.

"ఇంకోటి చెప్పనా? మనోడు వచ్చాడు ఇంటికి," అన్నాడు. మనోడంటే ఎడమ గట్టు అభ్యర్థి. "కాఫీ పొట్లం, చక్కెర బిళ్ళల డబ్బా పట్టుకొచ్చాడు, పరామర్శకి వచ్చినట్టు. 'బాగా గడ్డి పెట్టావు నుస్రెత్ అన్నా, మన గట్టు మీద మగాడొక్కడైనా ఉన్నాడు' అంటాడు. నేను జోకు రాశానయ్యా బాబూ అంటే, 'జోకేలే, జోకేలే' అని కన్ను కొట్టాడు. తిట్టినోళ్ళని పట్టించుకోలేదు విష్న్యా. ఆ కన్ను కొట్టాడు చూడు, అదే మింగుడు పడట్లేదు."

నేను కోటు విప్పి మేకుకు తగిలించాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అతను చెప్పింది నిజమే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పైగా ఇంకో ఆశ కూడా ఉంది. ఆ భూతులసి రెమ్మ ఎవరిదో ఊళ్ళో ఇంకొకరికి తెలుసు. శిలువ ఎంచుకున్నదీ, రెమ్మ అడిగిందీ మిలెంకోనే. చూడగానే అతనికి అర్థమై ఉంటుంది. అతను కుడి గట్టు మనిషి, గోల్‌కీపరు, ఆ జోకులో పేరు ఉన్నవాడు. అతను ఒక్క మాట అంటే చాలు, అందరూ నమ్ముతారు. మంగళవారం ఎదురుచూశాను, బుధవారం ఎదురుచూశాను. మిలెంకో తన అలవాటు ప్రకారం నోరు విప్పలేదు.

గురువారం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. పెరట్లో పొయ్యి మీద ఎర్ర మిరపకాయలు కాలుస్తున్నాడు, ఇంత లావువి, చలికాలం పచ్చడికి. పోయిన ఏడాది వరకు పక్కన కూర్చొని తొక్క తీసేది స్తోయా. ఆ ముక్కాలిపీట ఖాళీగా ఉంది. నేను దాని మీద కూర్చొని తొక్క తీయడం మొదలుపెట్టాను. బస్తాలో సగం అయింది.

"రెమ్మ చూశావా?" అన్నాను చివరికి.

"చూశాను."

"ఎప్పుడు?"

"సోమవారం. ఆరింటికి."

అంటే నాకంటే ముందు. నాకు ఒళ్ళు మండింది. "ఆరింటికి చూసి నాలుగు రోజులు బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నావా? వాడు నీ నేస్తం కాదూ?"

"నేస్తమే."

"మరి?"

మిలెంకో ఒక కాయను అటూ ఇటూ తిప్పాడు. అది అప్పటికే మాడిపోయింది. "మా అబ్బాయి వాళ్ళ ఆఫీసులో పని చేస్తున్నాడు," అన్నాడు. వాళ్ళంటే కుడి గట్టు అభ్యర్థి పార్టీ వాళ్ళు, అడగనక్కర్లేదు. "మావాళ్ళు నా దగ్గరికొచ్చి, 'చూశావా నిన్నేమన్నాడో' అంటున్నారు. కాదురా అది మా అత్త శిలువ అంటే, 'నువ్వు ఎవరి వైపు?' అంటారు. ఏం చెప్పను? నువ్వు మాత్రం చెప్పావా?"

మిరపకాయ ఘాటుకో దేనికో కళ్ళు మండాయి. చెయ్యి కడుక్కోకుండానే లేచి వచ్చేశాను. అతన్ని తిట్టుకుంటూ వంతెన సగం దాటాను. మిగతా సగం నన్ను నేను తిట్టుకున్నాను.

శుక్రవారం నేను నా చావు కాగితం అచ్చువేశాను. వల అంచు పెట్టాను. పోయినవాళ్ళ ఫొటో ఉండే చోట నా ఫొటో పెట్టాను. కింద రాసింది ఇంతే: "తప్పు నాది. ఒక పెద్దావిడ కోసం వేసిన అంచును మార్చడం మరిచిపోయి నుస్రెత్ జోకు అచ్చువేశాను. ఎవరూ చెప్పి చేయించలేదు. అతను పోలీసులకు చెప్పింది నన్ను కాపాడటానికి. భయపడినవాళ్ళందరూ నన్ను క్షమించండి. విష్న్యా, ప్రెస్సు." చెట్టు చెట్టుకీ నేనే అంటించాను, పట్టపగలు, అందరూ చూస్తుండగా. రదోయ్‌కా బేకరీ తలుపు తీసి బయటికి వచ్చి రెండుసార్లు చదివింది. లోపలికి వెళ్ళి వేడినీళ్ళు తెచ్చి, గోడ మీద మిగిలిన శిలువ కాగితం మీద పోసి గీకడం మొదలుపెట్టింది.

నమ్మింది ఆమె ఒక్కతే. ఎడమ గట్టు వాళ్ళకు భయపడి రాసిందని కుడి గట్టు, కుడి గట్టు వాళ్ళకు భయపడి రాసిందని ఎడమ గట్టు అనుకున్నాయి. రెండు పార్టీలూ పోస్టర్లు వెనక్కి తీసుకుపోయాయి. రెండు గట్లూ ఒకే మాట మీద నిలబడటం యుద్ధం తర్వాత అదే మొదటిసారి. శనివారం పొద్దున నా షట్టరు మీద ఎర్ర రంగుతో రాసి ఉంది: "ఎవరి దానివి?" నుస్రెత్ వచ్చి చూసి, "అక్షరదోషాల్లేవు, చదువుకున్నోడే," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎందుకు చేశావే?" అన్నాడు. నేను బ్రష్షు తెచ్చి షట్టరు గీకడం మొదలుపెట్టాను.

ఆదివారం వాన రాలేదు. రేకుల కప్పు కింద బెంచీల మధ్యలో పోలీసులు రిబ్బను కట్టారు. అటువాళ్ళు అటు, ఇటువాళ్ళు ఇటు. నాకు ఎటు కూర్చోవాలో తెలియక రిబ్బను పక్కన మెట్ల మీద నిలబడ్డాను. గుమాస్తా మైకులో ఆటగాళ్ళ పేర్లు ఇంటిపేర్లతో సహా చదివాడు. ఇరవై ఏళ్ళుగా ముద్దుపేర్లతో తిట్టించుకున్న మనుషులు, తమ ఇంటిపేరు విని ఒక్కొక్కరే తల వంచుకొని నడిచారు. ఇంటిపేరు వింటే ఏ గట్టో తెలిసిపోతుంది. ఆట మొదలైంది. బొజ్జలు ఊగుతున్నాయి, ఒకాయన బంతిని తన్నబోయి గడ్డిని తన్నాడు, ఇంకొకాయన బూటు ఊడి గాల్లోకి ఎగిరింది. ఎవరూ నవ్వలేదు. దబ్బున పడిన మనిషిని చూసి జనం నవ్వకుండా ఉండటం ఎంత భయంగా ఉంటుందో ఆ రోజే తెలిసింది నాకు. గేటు బయట, ఇనప కంచె వెనక, నుస్రెత్ రెండు చేతులతో కంచె పట్టుకొని నిలబడి ఉన్నాడు.

సగం ఆట అయ్యాక అందరూ నీళ్ళ దగ్గరికి వెళ్ళారు. మిలెంకో మాత్రం గ్లౌజులతోనే గుమాస్తా బల్ల దగ్గరికి వచ్చాడు. ఏమీ అడగకుండా మైకు లాక్కున్నాడు. మేజోడులోంచి మడతపెట్టిన శిలువ కాగితం తీశాడు. గ్లౌజులతో మడత విప్పలేక, పళ్ళతో ఒక గ్లౌజు ఊడబీకాడు.

"ఈ శిలువ మా అత్త స్తోయాది," అన్నాడు. మైకు కీచుమంది. "నేనే ఎంచుకున్నాను. ఈ రెమ్మ నేనే అడిగాను. విష్న్యా మార్చడం మర్చిపోయింది. సోమవారం ఆరింటికే నాకు తెలుసు. చెప్పలేదు. భయపడ్డాను." తన జీవితంలో అన్ని మాటలు ఒకేసారి అతను అని ఉండడు. ఊపిరి తీసుకొని, నుస్రెత్ రాసింది చదవడం మొదలుపెట్టాడు. పురుగుమందు డబ్బా మీద జాగ్రత్తలు చదివినట్టు చదివాడు. అహంకారం అయింది, మోకాళ్ళు అయ్యాయి, నడుము కొలత అయింది. ఒక్కరూ కదల్లేదు. "మౌనం పాటించనవసరం లేదు ఆ పని మిలెంకో నలభై ఏళ్ళుగా..."

"ఆగరా గాడిదా!" కంచె వెనకనుంచి కేక. "లేదు అన్నాక ఆగాలి! ఆగి, జనాన్ని చూసి, అప్పుడు చెప్పాలి! నా జోకు పీక పిసికేస్తున్నావు కదరా!"

మిలెంకో కంచె వైపు చూశాడు. బుద్ధిగా తల ఊపాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "మౌనం పాటించనవసరం లేదు." ఆగాడు. రిబ్బనుకు ఇటువైపు చూశాడు, అటువైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "ఆ పని మిలెంకో నలభై ఏళ్ళుగా చేస్తూనే ఉన్నాడు."

ముందు అతని పెళ్ళాం నవ్వింది, పాత అలవాటు. తర్వాత ఎడమ వైపు ఎవరో. తర్వాత రెండు వైపులా అక్కడక్కడా. అందరూ కాదు. కుడి వైపు పై బెంచీల నుంచి కొందరు లేచి వెళ్ళిపోయారు, వాళ్ళలో మిలెంకో కొడుకు కూడా ఉన్నాడు. మిలెంకో వాడు వెళ్ళడం చూశాడు. మైకు బల్ల మీద పెట్టి, గ్లౌజు తొడుక్కొని గోలు దగ్గరికి నడిచాడు. పోలీసులు గేటు తీయలేదు. రెండో సగం ఆటకు నుస్రెత్ కంచె వెనకనుంచే గొంతు చించుకొని వ్యాఖ్యానం చెప్పాడు, సగమే వినబడింది.

ఎన్నికల్లో ఏ గట్టు మీద ఆ గట్టు వాళ్ళే గెలిచారు. వేడి చల్లారాక చావు కాగితాలు మెల్లగా నా దగ్గరికే తిరిగి వచ్చాయి. చచ్చినవాళ్ళను దూరం మోయడం ఎవరికైనా కష్టమే.

మరుసటి ఏడు సెప్టెంబరులో నుస్రెత్, మిలెంకో ఇద్దరూ కలిసి వచ్చారు. ఎప్పుడూ విడివిడిగా వచ్చి, కాగితం ఇచ్చి, వెళ్ళిపోయేవాళ్ళు. ఈసారి నా కుర్చీ వెనక నిలబడ్డారు. నేను మాటలు కొట్టాను, వల అంచు పెట్టాను. ఇద్దరూ మెడ చాపి తెర చూస్తున్నారు. ఇరవై ఏళ్ళు విప్పి కూడా చూడనివాళ్ళు. చూడొద్దనడానికి నాకు హక్కు లేదు.

"ఆ ఆదివారం అన్న మాట తీసెయ్యి," అన్నాడు నుస్రెత్.

తీసేశాను.

"అంత్యక్రియలు కూడా వద్దులే. ఎవరికైనా ఇంకోలా అనిపిస్తే? ఆ పదకొండు కూడా..." అతను ఎన్నడూ ఇలా తడుముకోలేదు. తీసేశాను. తెర మీద మిగిలింది చదివి చూసుకున్నాం. నడుముల సంగతీ, మోకాళ్ళ సంగతీ. మందుల షాపు ప్రకటనలా ఉంది. నుస్రెత్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. "చాల్లే," అన్నాడు. "ఈ వయసులో ఇంత చాలు."

మిలెంకో వంగి, తన లావు వేలు తెర మీద పెట్టాడు, అంత్యక్రియలు అన్న మాట ఇంతకుముందు ఉన్న చోట.

"పెట్టు," అన్నాడు నాతో. "అన్నీ మళ్ళీ పెట్టు. చచ్చేది మేం కదా. వాడికెందుకు?"

నేను అన్నీ మళ్ళీ పెట్టాను. నలభై కాగితాలూ బయటికి వచ్చేదాకా ఇద్దరూ అక్కడే నిలబడి, ఒక్కొక్క దాని అంచూ చూశారు.